ఆ పెద్దమ్మ పేరు కూడా అడగలేదు

అందరికీ నమస్కారం. పాప బాగుంది. అపెండిక్స్ ఆపరేషన్ అయి ఐదు రోజులైంది, పొద్దున నాలుగు ముద్దలు పెరుగన్నం తిన్నది. ఫోన్లు చేసినవాళ్లందరితో మాట్లాడే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా. సరిగా నిద్రపోయి ఎన్ని రోజులైందో, తప్పులుంటే మన్నించండి.

సెలవులకు వద్దామని వీసా ముందే తీసుకుని ఉండడం మా అదృష్టం. మా ఆయన, అన్నయ్య, వదిన ఒక్క పూటలో డబ్బు, టికెట్లు అన్నీ సర్దారు. వాళ్ల గురించి వేరే చెప్పేదేముంది. నేను చెప్పాల్సింది ఒక పెద్దమ్మ గురించి.

పాప బల్గేరియాలోని ప్లోవ్‌దివ్‌లో మెడిసిన్ చదువుతోంది. మార్చి 1న నేను వాళ్ల రాజధాని సోఫియాలో దిగాను. ఎయిర్‌పోర్టు నుంచి మెట్రోలో వచ్చి, సెర్దికాలో లైను మారి రైలు స్టేషన్ చేరుకున్నా. బస్టాండు పక్కనే ఉంది, బస్సులో రమ్మని పాప చెప్పింది. నేనే వినలేదు. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని, రైలుకు నాకేం భయం అనుకున్నా.

అక్కడ ఒకే ప్లాట్‌ఫారం నెంబరు మీద రెండు బండ్లు నిలబడతాయి. తూర్పు సగంలో ఒకటి, పడమర సగంలో ఒకటి. ఏది ఏ సగమో చెప్పేది వాళ్ల లిపిలో ఉన్న చిన్న మాట. నేను నెంబరు ఒక్కటే చూసుకుని ఎదురుగా ఉన్న బండి ఎక్కబోయా. యూనిఫాంలో ఉన్నాయనను "ప్లోవ్‌దివ్?" అని అడిగా కూడా. తల కిందికీ పైకీ ఊపాడు. బల్గేరియాలో అలా ఊపితే కాదని అర్థం. పాప ఎన్నిసార్లు చెప్పిందో. ఆ టెన్షన్‌లో ఏం గుర్తొస్తుంది? ఎక్కి కూర్చున్నా.

ఎదురు సీట్లో డెబ్బై దాటిన పెద్దావిడ. తలకు పూల రుమాలు, ఒళ్లో గుడ్డసంచి. నేను ఫోన్లో పాప ఫొటో చూస్తూ ఏడుస్తున్నా. ఆమె ఏదో అడిగింది. నాకు తెలిసింది ఒక్కటే మాట. "ప్లోవ్‌దివ్" అన్నా. ఆమె ముఖం మారిపోయింది. "నె, నె! వ్రాత్సా, వ్రాత్సా!" (కాదు, ఇది వ్రాత్సా ఊరి బండి అని) అంటూ నేను లేచేలోపే నా పెట్టె పట్టుకుంది. 23 కిలోల పెట్టె. ఒక పక్క ఆమె, ఒక పక్క నేను. దింపుకుని ప్లాట్‌ఫారం ఆ చివరి దాకా పరుగు లాంటి నడక. సగం దూరం పోయామో లేదో వెనక బండి కదిలింది. ఆమె ఒక్కసారి తిరిగి చూసింది. నడక ఆపలేదు.

ప్లోవ్‌దివ్ బండి ఇంకా ఉంది. ఆమె కూడా ఎక్కి నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టింది. సంచిలోంచి ఒక అట్టముక్క తీసింది. దానికి ఎర్రదారం, తెల్లదారం కలిపి పేనిన తోరాలు నాలుగైదు గుచ్చి ఉన్నాయి. మనవళ్ల కోసం కొన్నదేమో. ఒకటి తీసి నా ముంజేతికి కట్టింది. వేళ్లు వణుకుతుంటే ముడి రెండుసార్లు జారింది, మూడోసారి పడింది. నా చెంప తుడిచింది. దండం పెట్టా. నాతో పాటే వస్తుందనుకున్నా, దిగిపోయింది.

బండి కదిలాక కండక్టర్ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు, వ్రాత్సాకు మళ్లీ బండి ఎప్పుడని ఆమె తనను అడిగిందట. వెనక కదిలిపోయింది ఆమె బండి. నా కోసం వదులుకుంది. అది విన్నాక నన్ను నేను ఆపుకోలేకపోయా. కన్నతల్లిని పట్టుకుని ఏడ్చినట్టు ఆ దారాన్ని పట్టుకుని ఏడ్చా.

ఒక మాట అనకుండా ఉండలేను. మా కాజీపేటలో మూడు భాషల్లో అనౌన్స్ చేస్తారు. ఇంతమంది పరాయి దేశాల పిల్లలు చదువుకునే ఊరికి పోయే బండి గురించి ఒక్క ముక్క ఇంగ్లీషులో చెప్తే ఏం పోతుంది? ఏళ్ల తరబడి ఆ లైన్లో ట్రాక్ పనులు. సుమారు 150 కిలోమీటర్లకు ఆ రోజు దాదాపు నాలుగు గంటలు పట్టింది. ఇహ్తిమాన్ దగ్గర బండి ఆగిపోతే ఎందుకు ఆగిందో చెప్పే దిక్కు లేదు. అక్కడ పాప ఒక్కతే పడుకుని ఉంది, నా ప్రాణం పోయినంత పనైంది.

మార్చి 1 వాళ్లకు బాబా మార్త పండుగట. బాబా అంటే అవ్వ. ఈ దారాన్ని మార్తెనిత్సా అంటారు. కొంగ గానీ పూసిన చెట్టు గానీ కనబడేదాకా తీయకూడదట, తర్వాత కొమ్మకు కట్టాలట. ఆసుపత్రి సందులో చెట్టు ఇంకా మొగ్గ మీదే ఉంది. బల్గేరియన్‌లో ఒక చీటీ రాసిమ్మని పాపను అడిగా. తిరిగి పోయేటప్పుడు వ్రాత్సా బండి టైముకు ఆ ప్లాట్‌ఫారం మీద కూర్చుంటా. పెద్దమ్మా, నువ్వు కనబడితే కాళ్లకు మొక్కుతా.

మరిచిపోయా, ఆపరేషన్ రాత్రంతా బయట బెంచీ మీద కూర్చున్న పాప రూమ్మేట్లు, గుంటూరు అమ్మాయి, కరీంనగర్ బాబు, మీ రుణం తీరదు. మెట్రో గేటు దగ్గర తన కార్డు కొట్టి నన్ను లోపలికి పంపిన అబ్బాయికి కూడా. ఇంకా మా పక్కింటి అక్క, ఆ హడావుడిలో నా మందుల డబ్బా పెట్టెలో సర్దింది మీరే కదా, ఇవాళ తెరిస్తే కనబడింది.