వార్షిక నివేదిక 2024–25: ట్రంకుపెట్టె అడుగున ఉన్న తాతలు

సభ్యులందరికీ నమస్కారం.

ముందు మామూలు సంగతులు. చందాలు ఈసారీ ఆలస్యంగానే వచ్చాయి, ఖర్చులు మాత్రం వేళకు వచ్చాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. సర్వసభ్య సమావేశంలో కోశాధికారి గారు వివరిస్తారు. ముగ్గుల పోటీ, పిల్లలకు పుస్తకాల పంపిణీ ఎప్పటిలాగే జరిగాయి. వేసవి యాత్రకు బస్సు కుదరక మానుకున్నాం. ఇక మిగతా నివేదికంతా ఒకే పని గురించి. ఏడాది పొడుగునా మా చేత నిజంగా పనిచేయించింది అదొక్కటే.

కిందటి సమావేశం చివర్లో, అందరూ టీ కోసం లేవబోతుంటే ఒక సభ్యురాలు అడిగారు: "మా ముత్తాత జర్మనీ యుద్ధానికి వెళ్లాడంటారు. ఏ పటాలమో, ఎక్కడికి వెళ్లాడో తెలుసుకోవడం ఎలాగండీ?" జవాబు ఎవరి దగ్గరా లేదు. కానీ "మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు" అంటూ నాలుగైదు చేతులు లేచాయి. అక్కడే ఒక చిన్న బృందం ఏర్పడింది. టీ చల్లారింది.

మొదటి రెండు నెలలు దారి తప్పే తిరిగాం. 1940లో లండన్ మీద జర్మన్లు వేసిన బాంబులకు మొదటి ప్రపంచయుద్ధపు సైనికుల ఫైళ్లు సగానికి పైగా కాలిపోయాయని చదివి, మనవాళ్ల కాగితాలూ ఆ బూడిదలోనే కలిశాయని నిట్టూర్చాం. తర్వాత తెలిసింది, అవి బ్రిటిష్ సైన్యం వాళ్లవని. మన సిపాయి సముద్రం దాటాడు గానీ అతని కాగితం దాటలేదు. అతని షీట్‌రోల్, అంటే ఉద్యోగ వివరాల కాగితం, ఇక్కడే పటాలం రికార్డు ఆఫీసులో ఉండేది. తండ్రి పేరు, ఊరు, తాలూకా, కులం, ఎత్తు, ఛాతీ కొలత, చివరికి పుట్టుమచ్చలు కూడా అందులో రాసేవారు. మన పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసే అలవాటు ఎక్కడిదో మాకు ఇప్పుడర్థమైంది.

పంజాబ్ వాళ్ల అదృష్టం వేరు. లాహోర్ మ్యూజియంలో దాదాపు నూరేళ్లు పడి ఉన్న రిజిస్టర్లలో సుమారు 3,20,000 మంది సైనికుల వివరాలు ఊరివారీగా బయటపడ్డాయి. 2021లో మొదట మూడు జిల్లాలవి కంప్యూటర్‌కెక్కాయి. మద్రాస్ ప్రెసిడెన్సీకి అలాంటి రిజిస్టరు మేం వెతికిన చోట్ల ఎదురుపడలేదు. కాబట్టి మన వెతుకులాట ఇంట్లోనే మొదలవ్వాలి. పేరుతో కాదు, నంబరుతో, పటాలంతో.

ఎందుకో చెబుతాను. ఆ సభ్యురాలు రెండోసారి వచ్చినప్పుడు పట్టుచీర ముక్కలో చుట్టిన ఒక మెడల్ తెచ్చారు. ఒకవైపు రెక్కలున్న దేవత, ఇంకోవైపు 1914–1919 అని అంకెలు. అది విక్టరీ మెడల్, కంచుది. దానికి జోడీగా వెండి మెడల్ ఒకటి ఉండాలి కదా అని అడిగితే ఆవిడ నవ్వి, "వెండిది మా తాతయ్య పెళ్లికి కరిగించారట" అన్నారు. చాలా ఇళ్లలో ఇదే కథ. మిగిలిన కంచు మెడల్‌ని ఏటా దసరాకి ఆయుధపూజలో పెట్టేవారట. పెట్టేముందు వాళ్ల నాయనమ్మ చింతపండుతో తళతళలాడేట్టు తోమేవారట. ఆ శుభ్రతే మా కొంప ముంచింది. సైనికుడి వివరాలు చెక్కేది మెడల్ ముఖం మీద కాదు, అంచు మీద. తోమి తోమి ఆ అంచు నున్నగా అరిగిపోయింది.

దాన్ని కిటికీ దగ్గర ఏటవాలు ఎండకు పట్టుకుని కొంచెం కొంచెంగా తిప్పాం. తర్వాత పలచని కాగితం చుట్టి పెన్సిల్ మొనతో మెల్లగా రుద్దాం. నాలుగు అంకెలు తేలాయి. ఆ తర్వాత ఎస్, పి, ఆర్ అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు. అవి పేరులో ముక్క అనుకుని ఒక పూట పోగొట్టుకున్నాం. అది హోదా: సాపర్. చివర్న 2, దాని పక్కన క్యూ, వి, ఓ. అంటే సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. మామూలు మాటలో బెంగళూరు మద్రాస్ సాపర్లు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, కందకాలు తవ్వడం వాళ్ల పని. ముత్తాత తుపాకీతో దూసుకెళ్లాడని పెరిగిన పిల్లలు కాస్త డీలాపడ్డారు. నాకు మాత్రం వంతెన కట్టినవాడే ఎక్కువ నచ్చాడు.

ఇక్కడే అసలు తమాషా జరిగింది. ఆ ఇంట్లో తరతరాలుగా ఒక మాట ఉంది: "తాత మూడేళ్లు బాసరలో ఉండి వచ్చాడు." యుద్ధం నుంచి వచ్చాక సరస్వతి అమ్మవారి సన్నిధిలో గడిపాడనుకుని, అందుకే ఆ ఇంట్లో పిల్లలందరికీ అక్షరాభ్యాసం అక్కడే చేయిస్తున్నారు. సాపర్ల పటాలం వివరం చేతికొచ్చాక బృందంలో ఒకరు ఉన్నట్టుండి, "బాసర కాదండీ, బస్రా అయ్యుంటుంది!" అన్నారు. ఇరాక్‌లోని బస్రా. 1914 నవంబరులో బస్రాను పట్టుకున్న దగ్గర్నుంచి 1917 మార్చిలో బాగ్దాద్ చేరేదాకా మెసొపొటేమియాలో భారత సైన్యమే ముందుండి నడిచింది. మద్రాస్ సాపర్లూ అక్కడ ఉన్నారు. ముత్తాత వెళ్లింది బస్రాకే అని మెడల్ చెప్పదు. మెడల్ పటాలాన్ని చెప్పింది, ఇంటిమాట ఊరిని చెప్పింది, రెండూ కలిశాయి. మా పుస్తకంలో మెడల్ చెప్పింది సిరాతో రాశాం, ఇంటిమాట పెన్సిల్‌తో. ఈ పద్ధతే తర్వాత అన్ని కుటుంబాలకూ పాటించాం. అక్షరాభ్యాసాలు బాసరలోనే కొనసాగుతాయని ఆవిడ చెప్పమన్నారు.

ఈ పనిలో నన్ను బాగా కలవరపెట్టిన విషయం ఒకటుంది. చనిపోయినవాడు దొరుకుతాడు, బతికి వచ్చినవాడు దొరకడు. మొదటి యుద్ధంలో అవిభక్త భారతదేశం నుంచి పదమూడు లక్షల మందికి పైగా పనిచేస్తే సుమారు 74,000 మంది పోయారు. రెండో యుద్ధంలో 25 లక్షల మందికి సుమారు 87,000. పోయినవాళ్ల జాబితాను కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ ఉంచుతుంది, ఎవరైనా ఉచితంగా వెతకొచ్చు. క్షేమంగా ఇంటికొచ్చి వ్యవసాయం చేసుకున్నవాడికి అలాంటి జాబితా లేదు. పింఛను రాని మనిషి కాగితాలను 25 ఏళ్ల తర్వాత తీసేసే నియమం కూడా ఉంది. రెండో యుద్ధం కాగానే వేలకు వేల మందిని పింఛను లేకుండా ఇంటికి పంపేశారు కదా, వాళ్ల ఫైళ్ల గతి ఊహించుకోండి.

చనిపోయినవాళ్లందరికీ ఒకే మర్యాద దక్కిందనుకోకండి. బస్రా స్మారకం మీద బ్రిటిష్ వాళ్ల పేర్లు చెక్కారు, భారతీయుల్లో ఆఫీసర్ల పేర్లే చెక్కారు. సిపాయిలు పటాలం పేరు కింద "ఇంకా ఇంతమంది" అనే అంకెగా మిగిలారు.

రెండో యుద్ధం నాటికి కొంత నయం. ఒక సభ్యుడి అమ్మమ్మ గారి అన్న బర్మా వెళ్లి తిరిగి రాలేదు. తేదీ తెలియక ఆ ఇంట్లో ఏటా మహాలయ అమావాస్యకే ఆయనకు తర్పణం వదిలేవారు. కమిషన్ జాబితాలో ఆయన పేరు మూడు నెలలు దొరకలేదు, కారణం మేమే. శ్రీకాకుళం జిల్లా అని వెతికాం. ఆ జిల్లా పుట్టిందే 1950లో. 1936 దాకా ఆ ఊళ్లు గంజాం జిల్లా, ఆ తర్వాత వైజాగపటం, పట్టణం పేరేమో చికాకోల్. కాకినాడ అంటే కొకనాడ, బందరు అంటే మసూలిపటం. పేరు సంగతి ఇంకా ఘోరం: ఇంటిపేరు ఉండదు, అప్పలస్వామిని గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాశాడు. చివరికి తండ్రి పేరు, తాలూకాతో పట్టుకున్నాం. రంగూన్ దగ్గర తౌక్యాన్‌లోని స్మారకం మీద, సమాధి తెలియని దాదాపు 27,000 మందితో పాటు ఆయన పేరూ ఉంది. 1944లో ఒక తేదీ. కాగితం చేతికందగానే ఆ సభ్యుడు ఫొటో కూడా తీయకుండా పురోహితుడికి ఫోన్ చేశారు: "పంతులుగారూ, ఈ తేదీకి తిథి చూడండి." ఈ ఏడాది తద్దినం ఆ తిథికే పెట్టారు.

అన్నీ ఇలా ముగియలేదు. ఒక కుటుంబం తమ తాత నేతాజీ సైన్యంలో చేరాడని గట్టిగా నమ్ముతుంది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి చిక్కినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు, అది సిరా. ఆ తర్వాతదంతా పెన్సిలే. ఆజాద్ హింద్ ఫౌజ్‌కు సంబంధించిన 990 ఫైళ్లు 1997 నుంచి ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. మేం చూడగలిగిన వాటిలో ఆయన లేడు. ఫలకం వేయించమని వాళ్లు అడిగారు, సంఘం తరఫున నేను ఒప్పుకోలేదు. దీనిమీద కొంత మాటామాటా వచ్చింది. నిర్ణయం నాదే కాబట్టి కోపం నామీదే ఉంచండి.

ఇంకో దారి అనుకోకుండా దొరికింది: పొలం కాగితాలు. మాజీ సైనికులకు ప్రభుత్వం భూములిచ్చేది. ఒక ఇంట్లో డిశ్చార్జి పుస్తకం చెదలు తినేసినా, డి-ఫారం పట్టా మీద "మాజీ సైనికుడు" అన్న మాట, పటాలం పేరు బతికున్నాయి. సైన్యం కాగితం పోయినా పొలం కాగితాన్ని మనవాళ్లు పోనివ్వరు కదా.

నిజాం రాజ్యం నుంచి వెళ్లినవాళ్ల కోసం వచ్చే ఏడాది విడిగా పనిచేయాలి. వాళ్లది సంస్థానపు సైన్యం, దారి వేరు. ఢిల్లీ తీన్‌మూర్తి యుద్ధ స్మారకం దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి నిజాం గుర్రపు దళమైన హైదరాబాద్ లాన్సర్లదన్న సంగతి మాలో సగం మందికి ఇన్నాళ్లూ తెలియదు.

ఒక రికార్డు ఆఫీసుకు మేం రాసిన మూడు ఉత్తరాలకు జవాబు రాలేదు. నాలుగోది పంపేముందు మా ఉత్తరాల నకళ్లు తిరగేస్తే, మూడింట్లోనూ సైనికుడి నంబరు వేయడం మరిచిపోయింది మేమే. నాలుగోది సరిగ్గా రాసి పంపాం, చూడాలి.

సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న మెడళ్లు, డిశ్చార్జి పుస్తకాలు, పింఛను కాగితాలు, పాత పట్టాలు తీసుకురండి. రెండో యుద్ధపు నక్షత్రం మెడల్ ఉంటే వెనక్కి తిప్పి చూడండి. బ్రిటన్‌లో వాటిని పేరు లేకుండా ఇచ్చారు గానీ, భారత సైన్యానికి ఇచ్చిన వాటి మీద నంబరూ పేరూ ఉంటాయి. ఫొటోల వెనక స్టూడియో ముద్ర, ఊరు ఉంటే అదీ పనికొస్తుంది. దయచేసి తెచ్చేముందు దేన్నీ తోమకండి.

ఇట్లు,
కార్యదర్శి