తాగుడు మానడానికి నెలకో సూది ఇప్పించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ కాగితం మీద రాసి, ఆసుపత్రి చీటీలు జిరాక్స్ తీసి జతచేసి, సోమవారం గ్రీవెన్స్‌లో లైన్లో నిలబడి ఇచ్చాను. మూడుసార్లూ ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారో అడుగుదామని వెళ్తే కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి చూసి, "సంబంధిత శాఖకి పంపారమ్మా, అందుకే క్లోజ్ అయింది" అన్నాడు. అందుకని ఈసారి నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

మా ఆయన తాపీమేస్త్రి. ఆయన కట్టిన గోడకి తూకం గుండు వేసి చూసినా వంక దొరకదు. పదమూడేళ్లుగా తాగుతున్నారు. చివరి ఐదారేళ్లయితే, పొద్దున్నే ఒక క్వార్టర్ పడకపోతే చెయ్యి వణికి తాపీ పట్టలేని పరిస్థితి. ఇలాంటి ఇళ్లు మీకు తెలియనివి కావు, ఆ గొడవలూ అప్పులూ అన్నీ ఇక్కడ రాయను. నేను చెప్పాలనుకుంటున్నది మాత్ర గురించి.

నిరుడు పెద్దాసుపత్రి డీ-అడిక్షన్ వార్డులో పన్నెండు రోజులు ఉంచారు. వణుకు తగ్గే మందులు, బి1 విటమిన్ సూదులు ఇచ్చారు. బాగానే చూసుకున్నారు, అబద్ధం చెప్పను. పంపించేటప్పుడు నాల్ట్రెక్సోన్ అని 50 మిల్లీగ్రాముల మాత్ర రాశారు, రోజుకొకటి. తాగినా ఆ హాయి తెలియకుండా చేస్తుందట, అలా పోను పోను తాగాలన్న ఆత్రం తగ్గుతుందట. నిజంగానే తగ్గింది. ఆ మొదటి నెల నాలుగు శనివారాలూ కూలి డబ్బులు చెక్కుచెదరకుండా నా చేతికి వచ్చాయి. ఆయన తాగుడు మొదలయ్యాక అలాంటి నెల నాకు గుర్తులేదు.

రెండో నెల ఆసుపత్రి ఫార్మసీలో మాత్రలు అయిపోయాయి. స్టాక్ లేదు, బయట కొనుక్కోండి అన్నారు. మా ఊళ్లో ఉన్న రెండు మందుల షాపుల్లోనూ లేదు, టౌన్లో తిరగ్గా తిరగ్గా ఒకచోట దొరికితే డబ్బులు పెట్టి కొన్నాను. రోజూ పొద్దున టీ గ్లాసుతో పాటు నా చేత్తోనే మాత్ర ఇచ్చి, నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూసేదాన్ని. చిన్నపిల్లాడిలా ఎత్తి చూపించేవారు. అయినా నెల తిరక్కుండా మళ్లీ వాసన మొదలైంది. ఒకరోజు తులసి కోటలో గడ్డి పీకుతుంటే మట్టిలో తెల్లగా ఏవో కనిపించాయి, సగం కరిగి, మట్టి అంటుకుని. ఏరి లెక్కపెడితే తొమ్మిది. బుగ్గకీ చిగురుకీ మధ్య దాచుకుని, గ్లాసు కడిగే నెపంతో బయటికి వెళ్లి ఉమ్మేసేవారన్నమాట. ఆ తొమ్మిదీ అరచేతిలో పెట్టుకుని అక్కడే కూలబడ్డాను. కోపం కూడా రాలేదు సార్. తాగమని మనసు పీకుతున్న మనిషిని, ఆ తాగుడుకే అడ్డుపడే మాత్ర రోజూ మింగమంటున్నాం. నెలకి ముప్ఫైసార్లు ఆయన తన మనసు మీద గెలవాలి. ముప్ఫైసార్లూ గెలిచే మనిషైతే అసలు ఆ వార్డులో ఎందుకు చేరతారు?

ఈ సంగతి చెబితే డాక్టరమ్మ గారు, "దీనికే నెలకోసారి వేసే సూది ఉందమ్మా, మన దగ్గర సప్లై లేదు" అన్నారు. నర్సింగ్ చదువుతున్న మా అమ్మాయి వివరాలు వెతికి నాకు చదివి చెప్పింది. అదే నాల్ట్రెక్సోన్, 380 మిల్లీగ్రాములు, నాలుగు వారాలకోసారి, పిరుదు కండలో లోతుగా వేస్తారు, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు. నెలంతా కొద్దికొద్దిగా ఒంట్లోకి వదులుతూ ఉంటుంది. అమెరికాలో 2006లోనే తాగుడు వ్యసనానికి అనుమతి ఇచ్చేశారు. అప్పటికి మా అమ్మాయికి సరిగా నడక కూడా రాలేదు.

అది మంత్రం కాదని నాకూ తెలుసు. లివర్ పరీక్ష చేయాలి. వేసే నాటికి తాగుడు ఆపి ఉండాలి. నడుం నొప్పికని ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి బిళ్లలు మింగే మేస్త్రీలు చాలామంది, అవి వారం పది రోజుల ముందే మానేయాలి, సూది వేసుకున్నాక ఏ యాక్సిడెంటో అయితే ఆ సంగతి డాక్టర్లకి చెప్పాలి. కౌన్సెలింగ్ ఆపకూడదు. ఆయన ఒప్పుకోకుండా అసలు వేయకూడదు. అన్నీ సరే. కానీ మనసు బాగున్న రోజు చూసి నెలకి ఒక్కసారి ఆసుపత్రికి తీసుకెళ్లడం నా చేతనవుతుంది. రోజూ నాలుక కింద వెతకడం నా వల్ల కావడం లేదు.

సరైన మందు దొరక్కపోతే మాలాంటి వాళ్లం ఎక్కడెక్కడికి పోతామో కూడా వినండి. మా అత్తగారు ఎవరో చెప్పారని తాగుడు మానిపించే పొడి పొట్లం ఒకటి తెచ్చి నాకు తెలియకుండా పప్పుచారులో కలిపారు. ఆ రాత్రి ఆయన తాగొచ్చి తిన్న అరగంటకి మొహం ఎర్రగా కందిపోయి, వాంతులు, గుండె దడ, ఊపిరాడక గోడ పట్టుకుని నిలబడ్డారు. అర్ధరాత్రి ఆటోలో ఆసుపత్రికి పరిగెత్తాం. బతికారు. ఆ తర్వాత "తాగుడు మానిపించే సూది" అని పోస్టర్ చూసి నేనే ఒకచోటికి తీసుకెళ్లాను. ఆరు వేలు తీసుకుని, లేబుల్ లేని సీసాలోంచి ఏదో తీసి భుజానికి వేశారు. ఏం మందండీ అంటే చెప్పలేదు. వారం తిరక్కుండా మళ్లీ మొదలు. ఆ ఆరు వేలూ డ్వాక్రా లోను డబ్బులు.

ఇదేమీ కాని పని కాదు సార్. పిల్లలు పుట్టకుండా మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్ ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది. మతిస్థిమితం లేనివాళ్లకి వారాల తరబడి పనిచేసే సూదులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. ఆడవాళ్లకి మూడు నెలల సూది ఊరిదాకా తెచ్చినవాళ్లు, మగవాళ్ల తాగుడుకి నెల సూది జిల్లా ఆసుపత్రిదాకా తేలేరా? ఫ్రిజ్‌లో ఉంచాల్సిన మందు అంటారు, పిల్లల టీకాలు ఐస్ బాక్సుల్లో కొండల మీదికి కూడా చేరుస్తున్న శాఖ మీది. ఖర్చు ఎక్కువ అంటారు. 2024 అక్టోబరులో మన ఆంధ్రప్రదేశ్‌లో కొత్త మద్యం పాలసీ వచ్చి 99 రూపాయలకే క్వార్టర్ వచ్చింది, మద్యం మీద వచ్చే పన్ను ప్రభుత్వానికే కదా. అందులోంచి మా ఆయన లాంటి వాళ్ల మందుకి కొంత తీయమని అడగడం తప్పా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో నాల్ట్రెక్సోన్‌ని తాగుడు వ్యసనానికి తప్పనిసరిగా అందుబాటులో ఉండాల్సిన మందుల జాబితాలో చేర్చింది. 2019లో కేంద్రం బయటపెట్టిన సర్వేలో, తాగుడుకి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోందని తేలింది. ఆ ఒక్కరిలో మా ఆయన ఉన్నారు. ఆ ఒక్కరికి కూడా మాత్ర స్టాక్ లేదన్నారు.

నేను మద్య నిషేధం అడగడం లేదు. 1995లో పెట్టారు, 1997లో ఎత్తేశారు, మా అమ్మ తరం ఆ ఆశా చూసింది, ఆ నిరాశా చూసింది. నేను అడిగేది చిన్నది. నాల్ట్రెక్సోన్ మాత్ర ఏ నెలా అయిపోకుండా చూడండి. ఆ సూది తెప్పించి, కనీసం జిల్లాకో ఆసుపత్రిలో, మింగలేకపోతున్న వాళ్లకి వేయించండి. ఆ పోస్టర్ల వాళ్లని ఆపించండి. ఎప్పటికల్లా చేస్తారో ఒక తేదీ చెప్పండి. పరిష్కరించబడినది అని మాత్రం మళ్లీ పంపకండి, దయచేసి.

మా ఆయన మళ్లీ వార్డులో ఉన్నారు. ఇవాళ పదకొండో రోజు, చెయ్యి వణకడం లేదు. నిన్న సాయంత్రం క్యారియర్ తీసుకెళ్తే అన్నం తింటూ, "ఆ నెల సూది సంగతి ఏమైంది, వస్తే నేను వేయించుకుంటా" అని ఆయనంతట ఆయనే అడిగారు. ఎల్లుండి డిశ్చార్జ్. ఆయనకి ఏం చెప్పమంటారు సార్?

ఇట్లు,
ఒక తాపీమేస్త్రి భార్య