నాలుగు రోజుల సీడ్ రిపోర్టులు, కొత్త మైక్రోస్కోప్ సంగతి

ఏవండీ, అందరికీ నమస్కారం. మన భీమవరం ల్యాబ్‌లో పోయిన సోమవారం నుంచి గురువారం దాకా ఇచ్చిన రొయ్య సీడ్ రిపోర్టుల్లో పిల్ల పొడవు తప్పు. మొత్తం 23 రిపోర్టులు. ఉన్నదానికంటే పావు వంతు ఎక్కువ పడింది. 8 మిల్లీమీటర్ల పిల్లని 10 అని రాసిచ్చాం. తప్పు నాదే. 23 మందికీ ఫోన్ చేశాను. ఇద్దరు అప్పటికే చెరువులో వదిలేశారు, వాళ్లలో ఒకాయన గట్టిగా తిట్టారు, పడ్డాను.

ఉప్పునీళ్ల చేతులతో పట్టుకుని పట్టుకుని పాత యూఎస్‌బీ మైక్రోస్కోప్ వైరు పోయింది. కొత్తది తెప్పించాను. దానికి కొద్దిగా ముందే కంప్యూటర్‌లో విండోస్ తీసేసి లినక్స్ మింట్ అనే ఉచిత సిస్టమ్ వేయించాను. విండోస్ 10 సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది, మన పాత కంప్యూటర్‌కేమో విండోస్ 11 ఎక్కదు.

మైక్రోస్కోప్ అమ్మినాయన, పన్నెండేళ్లుగా నేను సామాను కొంటున్న మనిషండి, పేరు చెప్పను. "ఏ కంప్యూటర్‌కైనా పెట్టుకోండి, బ్రహ్మాండంగా పనిచేస్తది" అన్నాడు. డబ్బాలో ఓ బుల్లి సీడీ ఉంది. అది పెడదామంటే మన కంప్యూటర్‌కి సీడీ పెట్టే చోటే లేదు. మైక్రోస్కోప్ తగిలిస్తే తెర నల్లగా ఉంది. ఫోన్ చేస్తే, "లినక్సా? అవన్నీ మాకు తెలీదండి, విండోస్ వేయించుకుని మాట్లాడండి" అన్నాడు. రెండోసారీ అదే మాట. మూడోసారి ఎత్తలేదు. పన్నెండేళ్లలో ఒక్క బిల్లు కూడా బాకీ పెట్టలేదండి నేను. డబ్బా మీద 1000 రెట్లు అని అచ్చేశారు. స్కేలు స్లైడు, అంటే కొలత గీతలున్న గాజు పలక పెట్టి చూస్తే, ఎంత పెంచినా తెర అంచు నుంచి అంచుకి 2 మిల్లీమీటర్లు పట్టాయి. మన తెర వెడల్పు 40 సెంటీమీటర్లు. అంటే 200 రెట్లు. సీడ్ చూడ్డానికి అది చాలు, నేను కాదనను. మరి 200 అనే అచ్చెయ్యొచ్చు కదా.

వీధి చివర కంప్యూటర్ కుర్రాడు 500 ఇస్తే దొంగ విండోస్ వేసిస్తానన్నాడు. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్న ఆరింటికల్లా ప్యాకెట్లు పట్టుకుని మీరొస్తారు, చూపించడానికి నా దగ్గర తెర లేదు. మా ఆవిడైతే, "రైతులకి కావల్సింది పిల్ల ఫొటో గానీ నీ పంతం కాదు" అంది. నిజమే. కానీ అలాంటి దొంగ విండోస్‌లోనే వైరస్ దూరి, రెండేళ్ల మీ రికార్డులు పోగొట్టుకున్నవాణ్ణి. మళ్లీ ఆ పని చెయ్యలేనన్నాను. పంతమే అనుకోండి.

ఆఖరికి మా మేనల్లుడొచ్చి చూశాడు. "ఇది వెబ్‌క్యామ్ లాంటిదే మావయ్యా, యూవీసీ అని యూఎస్‌బీ కెమెరాలన్నిటికీ ఉండే ఒకే పద్ధతి. దీని డ్రైవర్ 2008 నుంచీ లినక్స్‌లోనే ఉంది, సీడీ అక్కర్లేదు" అన్నాడు. తగిలించినవాటి పేర్లు చూపించే ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్ కొడితే పేరు కనబడింది. డీమెసేజ్ అనే కంప్యూటర్ చిట్టా చూస్తే తగులుతోంది, ఊడిపోతోంది, మళ్లీ తగులుతోంది. ప్రింటరూ కీబోర్డూ ఉన్న యూఎస్‌బీ హబ్‌కే దీన్నీ గుచ్చాను, దాని లైట్లకి కరెంటు చాల్లేదు. కంప్యూటర్ వెనక నేరుగా పెడితే నిలబడింది. అయినా తెర నలుపే. ఒకే కెమెరాకి వీడియో0, వీడియో1 అని రెండు కనబడతాయట. బొమ్మ మొదటిదాన్లోంచే వస్తుంది, రెండోదాన్లో కెమెరా లెక్కలు తప్ప ఏమీ ఉండవు. మనం రెండోది తెరుస్తున్నాం. జీయూవీసీవ్యూ అనే కెమెరా ప్రోగ్రామ్‌లో మొదటిది ఎంచుకోగానే రొయ్యపిల్ల తెర మీదకొచ్చింది. ఆ సీడీ గురించి అన్నిసార్లు ఫోన్ చేసి మాటలు పడ్డానా!

ఆ సంబరంలోనే తప్పు చేశాను. ఆదివారం ఫొటో సైజు 1280 బై 960 చుక్కల్లో ఉండగా స్కేలు స్లైడు పెట్టి కొలత సరిచేశాం. సోమవారం పొద్దున్న, మీకు ఫొటో ఇంకా బాగా కనబడాలని నేనే 1600 బై 1200కి మార్చాను. చుక్కలు పెరిగాయి, కొలత పాతదే ఉండిపోయింది. శుక్రవారం ఓ రైతు, "ఇది 10 ఎక్కడుందండీ?" అని గ్రాఫ్ కాగితం మీద పిల్లని పెట్టి చూపించే దాకా నాకు తెలీలేదు.

కండకీ పేగుకీ చూసే రేషియో మాత్రం తప్పలేదు. రెండూ ఒకే ఫొటోలో కొలుస్తాం కాబట్టి నిష్పత్తి మారదు. మొప్పల మీద పట్టే జూతామ్నియం అనే సూక్ష్మజీవిని ఎప్పుడూ పెద్ద మైక్రోస్కోప్‌లోనే చూస్తాం, దానికీ దీనికీ సంబంధం లేదు. వైట్ స్పాట్, ఈహెచ్‌పీ జబ్బుల పరీక్షకి ఎప్పట్లాగే బయట ల్యాబ్‌లో పీసీఆర్‌కే (రోగకారి జన్యువుని పట్టే పరీక్ష) పంపుతున్నాం.

ఆ 23 మందికీ డబ్బులు వెనక్కిస్తాను. సీడ్ ఇంకా వదలనివాళ్లు ప్యాకెట్ తెస్తే ఊరికే చూస్తాం. వదిలేసిన ఇద్దరి చెరువులకీ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలనే లెక్క) వచ్చేదాకా వారం వారం నేనే వస్తాను. ఇకనుంచి రోజూ మొదటి ప్యాకెట్‌కి ముందు స్కేలు స్లైడు ఫొటో తీసి, రిపోర్టు వెనక అంటిస్తాం. అది లేకపోతే రిపోర్టు తీసుకోకండి.

విండోస్ మాత్రం వెయ్యను.