ముందు నీళ్ళు, తర్వాతే వైపరు

సంపాదకులు గారికి నమస్కారం.

నేను తిరుపతిలో ట్రావెల్స్ కారు నడుపుకుంటున్నాను. రేణిగుంట ఎయిర్‌పోర్టు, రైల్వే స్టేషను, కొండ, కాణిపాకం, శ్రీకాళహస్తి, చిత్తూరు, పద్నాలుగేళ్ళుగా ఇదే నా తిరుగుడు. వానలు మొదలవుతున్నాయంటే టైర్లు చూసుకోండి, బ్రేకులు చూసుకోండి, లైట్లు చూసుకోండి అని పత్రికల్లో రాస్తారు, మంచిదే, కానీ వైపర్ రబ్బరు గురించి ఒక్క ముక్క రాసినవాళ్ళు నాకైతే కనిపించలేదు. ఆ రబ్బరును, దాని కిందున్న దుమ్మును పట్టించుకోక నేను ముందద్దం పోగొట్టుకున్నాను, ఒక మనిషి ప్రాణం మీదికి కూడా తెచ్చేవాణ్ణే. అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదైనా కత్తిరించకుండా వేస్తే సంతోషిస్తాను.

పోయినేడు ఎండాకాలం, చిత్తూరు నుంచి ఎయిర్‌పోర్టుకు వస్తున్నాను. గాదంకి దాటాక ముందర ఒక టిప్పరు, నిండా క్రషర్ డస్టు, అంటే రాళ్ళు కొట్టే మిషను నుంచి వచ్చే రాతిపొడి, పైన పట్టా లేదు. దాన్ని దాటుకొని వచ్చేలోపు నా అద్దం మీద బూడిద చల్లినట్టు తెల్లగా పేరుకుపోయింది. వెనక కూర్చున్న పెద్దాయన "ఏం నాయనా, ముందర కనపడతా ఉందా నీకు" అని అడిగాడు. లివర్ లాగాను, నీళ్ళు రాలేదు. వాషర్ ట్యాంకు ఎండిపోయి ఎన్నాళ్ళయిందో నాకే తెలీదు, ఎండాకాలంలో వైపర్లతో పనేముంది అనుకున్నాను మరి. కారు పక్కకు తీసి ఒక చెంబెడు నీళ్ళు పోసుకుని ఉంటే అయిపోయేది. ఫ్లైటు టైమవుతోందని టెన్షన్, ఆపలేదు, అలాగే వైపర్ వేశాను. కర్ర్‌మని శబ్దం వచ్చింది, పలక మీద బలపాన్ని అదిమిపట్టి ఈడ్చినట్టు. నాలుగైదు సార్లు తిరిగేసరికి రోడ్డు కనపడింది, హమ్మయ్య అనుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి కడిగితే స్టీరింగుకు సరిగ్గా ఎదురుగా రెండు గీతలు, హరివిల్లు వంపులో, అద్దం ఈ చివర నుంచి సగందాకా. గోటితో అడ్డంగా లాగి చూస్తే గోరు తగులుకుంది.

పగటిపూట ఆ గీతలు అంతగా తెలియవు, కన్ను అలవాటు పడిపోతుంది. తెలిసింది నవంబరులో. మనకు అసలు వానలు పై జిల్లాల లాగా జూలై ఆగస్టుల్లో కాదు కదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో కుమ్మేస్తాయి (2021 నవంబరులో మన తిరుపతి వీధులు ఏరులైపోవడం ఎవరూ మరిచిపోలేదు). అలాంటి వానలో రాత్రి తొమ్మిదింటప్పుడు చంద్రగిరి దాటి వస్తుంటే ఎదురుగా లారీ, హై బీమ్. ఆ వెలుగు అద్దం మీది రెండు గీతల్లో చిక్కుకొని అద్దమంతా పాకింది. రెండు మూడు సెకన్లు నాకు తెల్లటి మంట తప్ప ఇంకేమీ కనపడలేదు. లారీ దాటిపోయాక చూస్తే, ఎడమ పక్కన నా బంపరుకు నాలుగడుగుల దూరంలో మోపెడ్ మీద ఒకాయన, నెత్తిన యూరియా సంచి కప్పుకొని, వెనక పాలక్యాన్లు కట్టుకొని వెళ్తున్నాడు. ఆయనకు ఏమీ తెలీదు, తన దారిన తాను పోయాడు. నేను కారు పక్కన ఆపి చాలాసేపు స్టీరింగు పట్టుకొని కూర్చుండిపోయాను. మర్నాడే అద్దం మార్పించాను, నా కారుకు ఏడు వేలు పైన అయింది. ట్యాంకులో నీళ్ళు ఉండి ఉంటే ఆ ఖర్చే లేదు.

అద్దం మార్చిన మెకానిక్కు పనితెలిసిన మనిషి, అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పాడు. చాలామంది అనుకునేట్టు రబ్బరు అద్దాన్ని గీకదు, రబ్బరుకు అంత గట్టిదనం ఎక్కడిది? గీకేది రబ్బరుకూ అద్దానికీ మధ్య ఇరుక్కున్న ఇసుక నలుసు. రాళ్ళ గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీద గాజు 5.5 దగ్గర ఉంటే పలుగురాయి 7. చిన్నప్పుడు పలుగురాయితో సీసా మీద గీతలు గీసి ఆడుకున్నవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. గ్రానైటులో ఆ పలుగురాయే ఉంటుంది, మన చిత్తూరు చుట్టుపక్కల క్వారీలు, క్రషర్లు, పాలిషింగ్ ఫ్యాక్టరీల నుంచి లేచే దుమ్ములో ఉండేదీ అదే. ఆ దుమ్మును పొడిగా ఉండగానే వైపరుతో తోశామంటే మన అద్దానికి మనమే గరుకు కాగితం పట్టినట్టు.

ఇక రబ్బరు సంగతి. వైపరు బ్లేడులో అద్దాన్ని తాకేది సన్నటి అంచు మాత్రమే, పక్కకు వాలి నీటిని తుడుస్తుంది, అటు చివరకు వెళ్ళాక ఇటు తిరిగి వాలుతుంది. మెత్తగా ఉన్నంత కాలమే ఆ వాలడం. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు కారు అద్దం మీద చెయ్యి పెట్టలేం, రబ్బరు మాత్రం పొద్దస్తమానం దానికి అంటుకొనే ఉంటుంది. ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ కలిసి దాన్ని పెళుసుబారేట్టు చేస్తాయి, అంచు బీటలిస్తుంది, ఒకే వైపుకు వంగి బిరుసెక్కిపోతుంది. అలాంటి బ్లేడును వానలో వేస్తే టకటకా ఎగురుతుంది, చారలు వదులుతుంది. ఇంకా అలాగే వాడితే రబ్బరు చిరిగి ఊడిపోయి లోపలి ఇనుప పట్టీ అద్దాన్ని తాకుతుంది, ఆ పైన అద్దం మీద ఆశ వదులుకోవాల్సిందే. జనవరి నుంచి ఎండల్లో మాడి మాడి, తొలి వానకు తుడవమంటే ఏం తుడుస్తుంది అది? ఆర్నెల్లకో ఏడాదికో బ్లేళ్ళు మార్చుకోవాలి, మన ఎండలకు నేనైతే ఇక ఏటా సెప్టెంబరులో మార్చేయాలని పెట్టుకున్నాను. జత ఆరు వందలు పెట్టాను ఈసారి. అంతకు ముందు ఒక షాపులో కంపెనీ సరుకే అని చెప్పి చవకగా ఇచ్చింది రెండు నెలలకే నూలు దారంలా చీలింది, కాబట్టి కొనేటప్పుడు రబ్బరు అంచు మీద వేలు ఆనించి ఆసాంతం చూడండి, గరుకుగానీ గంటుగానీ తగిలితే అక్కడే తిరిగిచ్చేయండి.

మా వీధిలో పొద్దున్నే కార్లు తుడిచే కుర్రాడు ఉన్నాడు. పొడి గుడ్డతో అద్దాన్ని పరపరా రుద్దేస్తాడు, ఆ గుడ్డనే నిన్న చక్రాలకూ వాడి ఉంటాడు. వద్దురా అంటే "నీళ్ళు యాడుండాయి న్నా, వారానికి ఒక దినం వస్తాయి" అన్నాడు. వాడు చెప్పిందీ నిజమే. కానీ కారంతా కడగక్కర్లేదు, అద్దానికి ఒక చెంబు చాలు. పై నుంచి మెల్లగా ధారగా పోస్తే ఇసుక కిందికి జారిపోతుంది, ఆ తర్వాత శుభ్రమైన తడిగుడ్డ. అలాగే వైపరును పైకెత్తి రబ్బరు అంచును తడిగుడ్డతో రెండు వేళ్ళ మధ్య పట్టుకొని ఈ చివర నుంచి ఆ చివరకు లాగండి, గుడ్డ మీద నల్లటి చార వస్తుంది. వారానికోసారి ఇది చేస్తే సగం గీతలు ఉండవు. కిరసనాయిలు, పెట్రోలు, కొబ్బరినూనె ఏదీ రబ్బరుకు పట్టించవద్దు. గరుకు కాగితంతో అంచు రుద్దితే కొత్తదవుతుందని చెప్పేవాళ్ళున్నారు, నమ్మకండి, ఉన్న అంచు కూడా పోతుంది.

వాషర్ ట్యాంకులో బోరు నీళ్ళు పోసేవాళ్ళకు ఒక మాట. మన బోరు నీళ్ళలో ఉప్పెక్కువ, అద్దం మీదికి నీళ్ళు చిమ్మే నాజిల్ రంధ్రంలో సున్నంలా గడ్డకట్టి మూసేస్తుంది, అద్దం మీద తెల్ల మచ్చలు మిగులుస్తుంది. ఇంట్లో ఆర్వో మిషను నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా చేయడమెందుకని కొందరు అవే పోస్తున్నారు, ఆ నీళ్ళలో ఉప్పు మామూలు కంటే ఇంకా ఎక్కువ. తాగే నీళ్ళు పోయండి, రెండు చుక్కల షాంపూ వేయండి, బట్టల సబ్బుపొడి మాత్రం వద్దు. నాజిల్ మూసుకుంటే గుండుసూదితో తెరుచుకుంటుంది.

కొండకు వచ్చే బండ్ల విషయం వేరే చెప్పాలి. అలిపిరి దగ్గర ఆపి టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, అద్దానికి పసుపు చందనం బొట్లు పెడతారు, కాణిపాకంలో కొత్త బండి పూజకైతే ఇంకా నిండుగా. భక్తి మనది, దాన్ని నేను తప్పు పట్టను, నా కారుకూ పెడతాను. కానీ బొట్టు వైపరు తిరిగే చోట కాకుండా పై మూలకు పెట్టించండి, ఎండిన చందనం ముద్ద రబ్బరు కింద పడితే పొడై మొత్తం అద్దానికి పూసుకుంటుంది, ఎదురుగా ఘాట్ రోడ్డు మలుపు. పూలదండ తెచ్చి వైపరు చేతికి కట్టేస్తారు, ఆ బరువుకు చెయ్యి వంగి బ్లేడు ఏటవాలుగా కూర్చుంటుంది. దండ అద్దం లోపల వేలాడదీయడమూ చూపుకు అడ్డమే, బానెట్ ముందు కట్టుకోండి. డిసెంబరు, జనవరిలో పొద్దున్నే మొదటి ఘాట్‌లో దిగేటప్పుడు అద్దం మసకబారితే చాలామంది పొడి అద్దం మీద వైపరు తెగ తిప్పుతారు. మసక చాలాసార్లు లోపలి వైపు ఉంటుంది, వేలితో లోపల గీసి చూస్తే తెలిసిపోతుంది. ఏసీ గాలిని అద్దం వైపు తిప్పండి, నిమిషంలో పోతుంది.

తోటల దగ్గర బండి పెట్టేవాళ్ళు ఇంకొకటి గమనించాలి. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు మామిడి పూత మీద తేనెమంచు పురుగు పడ్డప్పుడు చెట్టు కింద కారు పెట్టామంటే అద్దమంతా జిగురు, దాని మీద దుమ్ము. వాన వెలిసిన సాయంత్రం ఉసిళ్ళు తగిలినా, పిట్ట రెట్ట పడ్డా ఇదే తంతు. వైపరు వేస్తే నెయ్యి పూసినట్టు పాకుతుంది. పాత పేపరును నీళ్ళలో బాగా తడిపి ఆ చోట అతికించి పది నిమిషాలు వదిలేయండి, మెత్తబడుతుంది, అప్పుడు రుద్దకుండా ఎత్తి తీసి నీళ్ళు పోయండి. నేను మీ పత్రికే వాడుతున్నాను, చదివాకే లెండి.

బ్లేడు మార్చేటప్పుడు అద్దం మీద మందపాటి తువ్వాలు పరచడం మరిచిపోవద్దు. మా స్టాండులో తమ్ముడొకడు బ్లేడు ఊడదీసి వైపరు చెయ్యి నిలబెట్టి పక్కకు తిరిగాడు, స్ప్రింగు లాగి ఇనుప కొన టప్పున అద్దం మీద పడింది, నిలువునా పగులు. ఎండలో రబ్బరు కాలకుండా వైపరు చేతులు పైకెత్తి పెట్టేవాళ్ళు కూడా ఇది గుర్తుంచుకోవాలి, గాలికో పిల్లల చేతులకో పడిపోవచ్చు. నీడన పెట్టుకోవడం దానికంటే మేలు.

గీత పడ్డాక పేస్టుతో రుద్దితే పోతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. గోరు తగలని సన్నగీతలను సీరియం ఆక్సైడు పొడితో పనితెలిసినవాళ్ళు కొంతవరకు తగ్గించగలరు. గోరు తగిలే గీతను అరగదీస్తే అక్కడ అద్దం పల్లమై రోడ్డు వంకరగా కనిపిస్తుంది, నా మొదటి ప్రయత్నం అదే, డబ్బు దండగ.

అధికారులకు నా మనవి రెండే. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ముందద్దం గుండా కనీసం 70 శాతం వెలుతురు రావాలని 100వ నిబంధన, సరిగ్గా పనిచేసే వైపరు ఉండాలని 101వ నిబంధన చెబుతున్నాయి. బండ్లు ఫిట్‌నెస్ పరీక్షకు వచ్చినప్పుడు వైపరు అటూ ఇటూ తిరిగిందా అని చూస్తే చాలదు, అద్దం మీద నీళ్ళు చల్లి అది తుడుస్తోందా లేదా చూడండి, అర నిమిషం పని. రెండోది, క్రషర్ డస్టు, ఎం-శాండ్ (రాతిని పొడిచేసి తీసే ఇసుక) తోలే టిప్పర్లకు పట్టా కట్టందే క్వారీ గేటు దాటనివ్వకండి. మా కార్ల అద్దాలు ఎలా ఉన్నా, ఆ టిప్పరు వెనక బైకు మీద వచ్చేవాడి కళ్ళకు వైపర్లు కూడా లేవు.

పత్రికకు మనవి, ఇలాంటి జాగ్రత్తలు సెప్టెంబరులోనే వేయండి, వాయుగుండం వచ్చాక వేస్తే అప్పటికే గీతలు పడిపోయి ఉంటాయి. ఈ సంగతి తెలిశాక నా డిక్కీలో నీళ్ళు నిండిన స్టీలు క్యాను ఒకటి ఎప్పుడూ ఉంచుతున్నాను, కొండ మీదికి ప్లాస్టిక్ బాటిళ్ళు రానివ్వరు కదా. రైల్వే స్టేషను ఎదుట స్టాండులో ఉంటాను, అద్దం మీద దుమ్ముతో ఎవరొచ్చినా అడగవచ్చు, నేనే పోస్తాను.

ఇట్లు,
ఒక ట్రావెల్స్ డ్రైవరు,
తిరుపతి.