అమ్ములూ, నీ మెదడు పాడైపోలేదు

తణుకు,
జనవరి 5.

చిరంజీవి అమ్ములుకు నాన్న దీవించి రాసేది. ఇక్కడ మేమందరం క్షేమం. అమ్మ నీకోసం సున్నుండలు చుట్టి డబ్బాలో పెట్టింది.

మొన్న ఆదివారం ఫోనులో నువ్వన్న మాట నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. "నాన్నా, నా మెదడు పాడైపోయింది. చదివిందేదీ నిలవడం లేదు" అన్నావు. నీ వెనక ఇంకో అమ్మాయి ఫోను కోసం నిలబడి ఉంది కాబోలు, నేను జవాబు చెప్పేలోపే పెట్టేశావు. అయిదు నిమిషాల్లో చెప్పగలిగే సంగతి కాదు గనుక కాగితం మీద పెడుతున్నాను. ఇరవై రెండేళ్లుగా జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతున్నవాణ్ని. నీ బాధకు సంబంధించిన జవాబు నా సబ్జెక్టులోనే ఉండగా ఇంతకాలం నీకు చెప్పకపోవడం నా తప్పు.

ముందు పోయిన వారం టెస్టు సంగతి. మూత్రపిండం మీద వచ్చిన నాలుగు ప్రశ్నల్లో మూడు వదిలేశానన్నావు. దసరా సెలవుల్లో అదే పాఠాన్ని నువ్వు తమ్ముడికి చెబుతుంటే నేను గుమ్మంలో నిలబడి విన్నాను. గచ్చు మీద సుద్దముక్కతో బొమ్మ గీసి, హెన్లీ లూప్‌లో నీరు ఎక్కడ బయటికి పోతుందో, లవణాలు ఎక్కడ పోతాయో ఒక్క పొరపాటు లేకుండా చెప్పావు. చిక్కుడు గింజ లాంటి ఆ కిడ్నీ నెత్తిన చిన్న టోపీ కూడా గీశావు. "ఇదేంటక్కా?" అని వాడడిగితే, "ఎడ్రినల్ గ్రంథి. అది వేరే పాఠంలే" అన్నావు. ఆ వేరే పాఠమే ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకంటే కిడ్నీ ప్రశ్నకు జవాబు నీకు అందకుండా చేసింది, నాకు తెలిసినంతలో, ఆ టోపీలోంచి వచ్చిన హార్మోనే.

భయపెట్టేది ఏదైనా ఎదురైతే మెదడు అడుగునున్న హైపోథాలమస్ పీయూష గ్రంథికి కబురు పంపుతుంది. పీయూష గ్రంథి నుంచి ఏసీటీహెచ్ అనే హార్మోను రక్తంలో కలిసి ఎడ్రినల్ గ్రంథి పైపొరను చేరుతుంది. ఆ పైపొర కార్టిసాల్‌ను వదులుతుంది. ఇంతవరకు నీ పుస్తకంలోనే ఉంది. పుస్తకం అంతగా పట్టించుకోనిది దీని వేళ. ఎడ్రినలిన్ క్షణాల్లో వచ్చి గుండె దడ పుట్టిస్తుంది. కార్టిసాల్ అలా కాదు, నిదానంగా పెరుగుతూ ఇరవై, ముప్పై నిమిషాలకు గానీ పూర్తి స్థాయికి రాదు. కొవ్వులో కరిగే గుణం వల్ల రక్తానికీ మెదడుకూ మధ్యనున్న అడ్డుగోడను సులువుగా దాటి, నాడీకణం లోపలికి పోయి, అక్కడి గ్రాహకంతో కలిసి, ఏ జన్యువు పని చేయాలో ఏది ఆగాలో మార్చేస్తుంది. దీన్ని విషమని అనుకోవద్దు. రోజూ తెల్లవారి నిద్రలేచిన అరగంటలో ఇది ఆ రోజుకంతా ఎక్కువ స్థాయిలో ఉంటుంది, అర్ధరాత్రి ప్రాంతంలో బాగా తగ్గుతుంది; ఇది బొత్తిగా లేకపోతే మనిషి మంచం దిగలేడు.

1968లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ మెక్‌యువెన్, ఆయన సహచరులు ఎలుకల్లో ఈ తరహా హార్మోను మెదడులో ఎక్కడికి చేరుతోందో వెతికితే, అది హిప్పోక్యాంపస్‌లో ఎక్కువగా పోగుపడి కనిపించింది. కొత్త విషయాలు జ్ఞాపకాలుగా మారడానికి ఆధారమైన చోటు అది. కిడ్నీ నెత్తిన పుట్టిన హార్మోనుకు జ్ఞాపకాల గదిలో ఇన్ని తలుపులు ఉన్నాయన్నమాట.

ఇప్పుడు నీ టెస్టు రోజుకు వస్తాను. పరీక్ష హాలు తలుపు దగ్గర ముందు వారం ర్యాంకుల చీటీ అంటించారని, అందులో నీ పేరు వెతుక్కుని లోపలికి వెళ్లి కూర్చున్నానని, ప్రశ్నపత్రం చేతికొచ్చేసరికి అరగంట పట్టిందని నువ్వే చెప్పావు. 1998లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం నాకు వెంటనే గుర్తొచ్చింది. నీటి తొట్టిలో మునిగి ఉన్న చిన్న తిన్నె ఎక్కడుందో ఎలుకలకు నేర్పి, మర్నాడు పరీక్ష పెట్టారు. పరీక్షకు ముప్పై నిమిషాల ముందు చిన్న విద్యుత్ షాక్ తగిలిన ఎలుకలు ఆ చోటు మరిచిపోయినట్టు తిరిగాయి. రెండు నిమిషాల ముందు తగిలినవి, నాలుగు గంటల ముందు తగిలినవి మామూలుగానే ఈదుకుంటూ వెళ్లాయి. ఒత్తిడి హార్మోను తయారీని మందుతో ఆపిన ఎలుకలకు అరగంట ముందు షాక్ తగిలినా మరుపు రాలేదు. అంటే నేర్చుకున్నది లోపల చెక్కుచెదరకుండా ఉంది. హార్మోను నిండుగా ఉన్న ఆ కొద్దిసేపు దాన్ని బయటికి తీయడం మాత్రమే కుదరలేదు. తర్వాత మనుషుల్లోనూ చూశారు. ముందురోజు నేర్చుకున్న మాటలను అడగబోయే గంట ముందు, ఒంట్లో కార్టిసాల్‌గా మారే కార్టిసోన్ మాత్ర వేస్తే, వాళ్లు గుర్తుచేసుకోగలిగిన మాటలు తగ్గాయి.

అందువల్ల ఆ మూడు ప్రశ్నలు నీకు రానివని నేను ఒప్పుకోను. ఆ చీటీ చూడకుండా హాల్లోకి వెళ్లే వీలుంటే అలాగే చెయ్యి. తలుపు దగ్గర అలాంటివి అంటించవద్దని నేను కాలేజీ వాళ్లకు విడిగా ఉత్తరం రాశాను.

అయితే అమ్ములూ, నీ బాధ ఒక్క టెస్టుది కాదని నాకు తెలుసు. పోయిన ఏడాది నీట్‌లో ర్యాంకు రాక లాంగ్ టర్మ్ కోచింగులో చేరిన నాటినుంచి నువ్వు ఒక్క రోజు కూడా తేలికగా ఊపిరి తీసుకోలేదు. దసరాకు వచ్చినప్పుడు వంటింట్లో అమ్మ చేతిలోంచి స్టీలు పళ్లెం జారి గచ్చు మీద పడింది. తమ్ముడు తలతిప్పి కూడా చూడలేదు. నువ్వు మాత్రం రెండు చేతులూ చెవులకు అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకుపోయావు, చాలాసేపు నీ వేళ్లు వణికాయి. గోళ్లు చివరిదాకా కొరికేసి ఉన్నాయి. అది చూసి కూడా నేను "అంత సుకుమారం అయితే ఎలా?" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఆ వణుకు ఎక్కడిదో తెలియజెప్పే పని మన దేశంలోనే, బెంగళూరులో జరిగింది. 2002లో అక్కడి నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్‌లో సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు కదలనివ్వకుండా ఉంచి, తర్వాత వాటి నాడీకణాలను సూక్ష్మదర్శినిలో చూసింది. నాడీకణానికి డెండ్రైట్లు చెట్టు కొమ్మల్లా ఉంటాయని, పక్క కణాల సంకేతాలు వాటి మీదే దిగుతాయని నీకు తెలుసు. హిప్పోక్యాంపస్‌లో ఆ కొమ్మలు కురచయ్యాయి. భయానికి కేంద్రమైన అమిగ్డలాలో మాత్రం అవే కొమ్మలు ఇంకా పెరిగి, ఇంకా చీలాయి. ఒకే ఒత్తిడి, ఒకే జంతువు, ఒకే మెదడు. అయినా జ్ఞాపకం వైపు కొమ్మలు ముడుచుకుంటే భయం వైపు కొమ్మలు విస్తరించాయి. ఈ ఒక్క ఫలితం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఎలుకలు తెరిచి ఉన్న చోటికి రావడానికి వెనకాడాయి, మూలలు పట్టుకున్నాయి.

కొమ్మలు ముడుచుకోవడం వేరు, కణం చచ్చిపోవడం వేరు. "పాడైపోయింది" అన్న నీ మాటకు నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. అదే బృందం ఎలుకలకు ఇరవై ఒక్క రోజులు విశ్రాంతి ఇచ్చి మళ్లీ చూస్తే హిప్పోక్యాంపస్ కొమ్మలు తిరిగి పెరిగాయి. నీ దగ్గర దాచకుండా రెండో సగం కూడా చెప్పాలి: అమిగ్డలాలో పెరిగినవి ఆ ఇరవై ఒక్క రోజుల్లో తగ్గలేదు, భయం కూడా పోలేదు. కాబట్టి ఇంటికొచ్చాక చదివినది గుర్తుండటం మొదలైనా, పళ్లెం పడితే ఇంకా ఉలిక్కిపడుతున్నావంటే నీలో ఏదో లోపం ఉందని అనుకోకు. అది ఆలస్యంగా నెమ్మదించేది. దానికి పట్టేంత సమయం పట్టనీ.

ఎలుకలకు జరిగిందంతా మనుషులకూ అచ్చంగా అలాగే జరుగుతుందని నేను క్లాసులో కూడా చెప్పను. కానీ 2009లో న్యూయార్క్‌లో పరిశీలించినది ఎలుకలను కాదు, వైద్య విద్యార్థులను. నువ్వు చేరాలనుకుంటున్న చదువులోనే ఉన్న పిల్లలు, ఒక పెద్ద పరీక్షకు నాలుగు వారాలుగా తయారవుతున్నవాళ్లు. ఒక విషయం మీదనుంచి ఇంకో విషయం మీదికి ధ్యాస మళ్లించే పనిలో వాళ్లు వెనకబడ్డారు, నుదుటి వెనకనున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌కు మిగతా భాగాలతో ఉండే పొందిక స్కాన్‌లో తగ్గి కనిపించింది. ఫిజిక్స్‌లో ఒక్క లెక్క దగ్గరే ఇరవై నిమిషాలు ఆగిపోయానని, వదిలి ముందుకు పోవాలని తెలిసినా పోలేకపోయానని నువ్వు చెప్పలేదూ, అది నాకు ఇక్కడ గుర్తొచ్చింది. పరీక్ష అయిపోయి నెల రోజులు ఒత్తిడి లేకుండా గడిపాక అదే విద్యార్థులను మళ్లీ పరీక్షిస్తే ఆ తేడా పోయింది. అదే ఏడాది పోర్చుగల్ శాస్త్రవేత్తలు ఒత్తిడికి గురైన ఎలుకలు కడుపు నిండిన తర్వాత కూడా తిండి కోసం మీట నొక్కుతూనే ఉండటం గమనించారు. అలవాటు ఆలోచనను పక్కకు నెట్టేసింది. వచ్చిన చాప్టరునే మళ్లీ మళ్లీ తిరగేస్తున్నావని నిన్ను కోప్పడ్డాను కదా. అది మొండితనం కాదని అప్పుడు నాకు తట్టలేదు.

నవంబరులో ఒక రాత్రి, తెల్లవారితే టెస్టు ఉందని తెలిసి కూడా, "720కి 410 ఏమిటి?" అని ఫోనులో పది నిమిషాలు గట్టిగా మాట్లాడాను. ఆ రాత్రి రెండింటిదాకా నువ్వు పుస్తకం పట్టుకుని కూర్చున్నావని తర్వాత వార్డెనమ్మ చెప్పారు. కార్టిసాల్ తగ్గి మెదడు తేరుకోవలసిన వేళకు నిన్ను మేల్కొలిపి కూర్చోబెట్టింది నేనే. నిద్ర చాలని మనిషికి మర్నాటి సాయంత్రం కూడా ఆ హార్మోను తగ్గవలసినంత తగ్గదని పిల్లలకు బోర్డు మీద గ్రాఫు వేసి చెప్పేవాణ్ని, నా కూతురి దగ్గరకు వచ్చేసరికి మర్చిపోయాను. ఇకమీదట టెస్టుకు ముందు రోజు నేను ఫోను చేయను. చేసినా మార్కుల ఊసెత్తను.

మీ ప్రిన్సిపాలుగారితో మాట్లాడాను. సంక్రాంతి సెలవులకు ఇంకో రెండు వారాలు కలిపి ఇంట్లో ఉండటానికి ఒప్పుకున్నారు. ఎలుకలకు ఇరవై ఒక్క రోజులు పట్టిందని నీకూ అంతే పడుతుందని లెక్క కట్టడం లేదు. రాత్రి పదింటికి పడుకోవడం, సాయంత్రం అమ్మతో కలిసి కాలవ గట్టు మీద నడవడం, పొద్దున మూడు గంటలు చదువు, ప్రస్తుతానికి ఇంతే. అప్పటికీ నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టే ఆలోచనలు వచ్చినా నాతో చెప్పు, మనం డాక్టరు దగ్గరకు వెళ్దాం. నాతో చెప్పలేకపోతే 14416కి ఫోను చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. ఈ నంబరు నీ రూమ్‌లో పిల్లలకు కూడా రాసివ్వు.

శనివారం పదకొండు గంటలకల్లా నేను హాస్టల్ గేటు దగ్గర ఉంటాను. పుస్తకాల పెట్టె అక్కడే ఉంచు, జువాలజీ నోట్సు ఒక్కటి తెచ్చుకో. ఎడ్రినల్ పాఠం ఎప్పుడు చెబుతుందని తమ్ముడు అడుగుతున్నాడు, గచ్చు మీది బొమ్మ అమ్మ ఇంకా తుడవలేదు.

ఆశీస్సులతో,
నాన్న