ఎండలో కడగడమే కారు రంగుకు చేటు

సంపాదకులకు నమస్కారం.

వేసవి మొదలైతే చాలు, కారు ఏసీ, కూలెంట్, బ్యాటరీ, టైర్లలో గాలి గురించి జాగ్రత్తలు చెప్పే వ్యాసాలు పత్రికలలో విరివిగా వస్తాయి. పైరంగు సంగతిని మాత్రం ఎక్కడో చివర ఒక వాక్యంతో సరిపెడతారు. ఎండలకు పేరుమోసిన రెంటచింతల, సున్నపు బట్టీల పిడుగురాళ్ల ఉన్న మా పల్నాడులో ఇది ఒక వాక్యంతో తీరిపోయే విషయం కాదు. రంగు వెలిసిపోవడానికి ఎండే కారణమని అందరూ అంటారు. అది నిజమే గాని, మనం కారు కడిగే వేళ, కడిగే నీళ్లు, తుడిచే గుడ్డ కూడా ఆ నష్టంలో పెద్ద వాటాదారులని, అందులోనూ కడిగిన నీటిని రంగు మీదనే ఆరిపోనివ్వడం అన్నిటికంటే పెద్ద తప్పని నా గట్టి అభిప్రాయం.

ఫ్యాక్టరీలో కారుకు వేసే పూతలన్నీ కలిపినా మందం సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు, అంటే ఇంచుమించు మనం రాసుకొనే కాగితమంత. రేకు తుప్పు పట్టకుండా వేసే తొలి పూత, దానిపై ప్రైమర్, ఆపైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్ ఉంటాయి. ఈ పైపొర మందం దాదాపు 40, 50 మైక్రాన్లు మాత్రమే. మెరుపు ఉండేది ఇందులోనే, అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే రసాయనాలు ఉండేదీ ఇందులోనే. ఇది పలచబడితే కింది రంగు వెలవెలబోతుంది, బానెట్ మీద, పైకప్పు మీద పొట్టులా లేచిపోవడం మొదలవుతుంది. గీతలు పడ్డాయని మెషీన్ పాలిష్ పట్టించిన ప్రతిసారీ ఈ పొరలోనే కొంత అరిగిపోతుంది కనుక, పాలిష్‌ను ఏటా చేయించవలసిన సేవగా అమ్మడం, కొనడం రెండూ మంచివి కావు.

ఇక నీళ్ల విషయం. మాది సున్నపురాతి నేల. బోరు నీళ్లు ఎంత కఠినమో బకెట్ల అంచులకు, గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి గారే చెబుతుంది. తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోవడం మంచిదని, వేరే నీటి వసతి లేనప్పుడు 600 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించింది. 600 ఉన్న నీరు ఒక లీటరు రేకు మీద ఆరిందంటే అర గ్రాముకు పైగా సున్నపు పదార్థం అక్కడే మిగులుతుందన్న మాట. మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడెక్కిన బానెట్ మీద ఆ నీళ్లు పోస్తే, గుడ్డ అందుకొనేలోపే ఆవిరైపోయి గుండ్రటి మరకలు దిగుతాయి. కొత్తగా ఉన్నప్పుడు అవి పైపైనే ఉంటాయి. తెల్ల వెనిగర్‌లో అంతే నీరు కలిపి, నీడలో, చల్లబడిన రేకు మీద మెత్తని గుడ్డతో అద్ది, వెంటనే మంచి నీటితో కడిగేస్తే చాలావరకు పోతాయి. వారాల తరబడి ఎండలో వదిలేస్తే క్లియర్ కోట్‌ను తినేసి లోపలికి దిగుతాయి, అప్పుడు వెనిగర్ పనిచేయదు.

ఇక్కడే ఒక ప్రచారాన్ని సరిదిద్దవలసి ఉంది. ఇంట్లో నీటిశుద్ధి యంత్రం బయటకు వదిలే నీటితో కారు కడుక్కోవచ్చన్న సలహా తరచు వినిపిస్తుంది. నీటి పొదుపు ఉద్దేశం మెచ్చదగినదే. కాని ఆ నీటిలో లవణాలు మామూలు నీటికంటే ఇంకా చిక్కగా ఉంటాయి. టైర్లకు, కాలి కింది మ్యాట్లకు దానిని వాడవచ్చు గాని, చివరిగా పోసే నీరు మాత్రం అది కాకూడదు. దానికి తగిన నీరు మన ఇళ్లలోనే వృథాగా పోతున్నది. ఏసీ గొట్టం నుంచి కారే నీరు గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది కనుక అందులో లవణాలు దాదాపు ఉండవు. పొడి వేడిమి రోజులలో తక్కువగా, ఉక్కపోత రోజులలో ఎక్కువగా వస్తుంది. పట్టి ఉంచి, పలుచని గుడ్డతో వడకట్టి, ఆఖరున పైనుంచి పోస్తే మరకల బెడద చాలావరకు తప్పుతుంది.

రెండో శత్రువు పొడి గుడ్డ. పొద్దున్నే కారు మీది దుమ్మును గుడ్డతో విదిలించడం శుభ్రత అనుకుంటాం. ఆ దుమ్ములో ఉండే ఇసుక రేణువులు క్లియర్ కోట్ కంటే ఎంతో గట్టివి, ఎండలో నిలబెట్టి చూస్తే కనిపించే సాలెగూడు వంటి సన్నని గీతలు చాలావరకు వాటి పనే. మా వైపు దానికి సున్నం, సిమెంటు ధూళి కూడా తోడవుతుంది. మంచుకు తడిసిందంటే ఆ ధూళి గట్టిగా పట్టుకుంటుంది. అందువల్ల చెయ్యి తగిలించే ముందు పైకప్పు నుంచి కిందికి ధారాళంగా నీళ్లు పోసి ధూళిని జారనివ్వాలి, ఆ తరువాతనే గుడ్డ.

ఇందుకు పైపు అవసరం లేదు. సూర్యోదయానికి ముందు గాని, పొద్దు వాలి రేకు చల్లబడ్డాక గాని మొదలుపెట్టాలి. ఒక బకెట్టులో కారు షాంపూ కలిపిన నీళ్లు, ఇంకొక దానిలో గుడ్డ జాడించుకోవడానికి వట్టి నీళ్లు పెట్టుకొని, పైనుంచి కిందికి ఒక్కొక్క భాగమే కడిగి, అది ఆరకముందే మైక్రోఫైబర్ గుడ్డతో తడిని అద్ది తీయాలి. చక్రాలకు వాడిన గుడ్డ బానెట్ మీదికి రాకూడదు. బట్టల సబ్బు పొడి, గిన్నెలు తోమే ద్రావణం మురికితోపాటు రంగుకు రక్షణగా పూసిన వ్యాక్స్‌ను (మైనపు పూతను) కూడా తీసేస్తాయి. మెరుపు కోసం డీజిల్ గుడ్డతో తుడిస్తే జిడ్డుకు మళ్లీ దుమ్మే అంటుకుంటుంది. పక్షి రెట్టను మాత్రం కడిగే రోజు దాకా ఉంచకూడదు. అందులో ఆమ్లం ఉంటుంది, పైగా ఎండకు మెత్తబడిన పూత రాత్రి చల్లబడి బిగుసుకొనేటప్పుడు దాని అచ్చు అలాగే నిలిచిపోతుంది. తడి గుడ్డ కాసేపు వేసి నాననిచ్చి, రుద్దకుండా ఎత్తి తీసేయాలి. దసరాకు వాహన పూజ చేసినప్పుడు అద్దే గంధం, పసుపు, కుంకుమ బొట్లను కూడా రోజుల తరబడి ఎండనివ్వకుండా మరునాడే మెల్లగా కడిగేయడం ఏ ఆచారానికీ విరుద్ధం కాదు.

రక్షణ పూతల విషయంలో అంగళ్లలో చెప్పే మాటలన్నీ నమ్మదగినవి కావు. ఒక రకం తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నౌబా వ్యాక్స్ కరిగే వేడి 80 డిగ్రీలకు కాస్త పైన. మండుటెండలో ముదురు రంగు కారు రేకు దానికి దరిదాపులకు పోగలదు కనుక మన వేసవిలో ఆ వ్యాక్స్ కొన్ని వారాలకు మించి నిలవదు. వ్యాక్స్‌కు బదులు పూసే కృత్రిమ సీలెంట్లు కొన్ని నెలలు నిలుస్తాయి. వేలకు వేలు పోసి వేయించే సెరామిక్ పూత కడగడాన్ని సులువు చేస్తుంది, రసాయనాలను కొంత ఓర్చుకుంటుంది గాని, రాతి దెబ్బను ఆపదు, బోరు నీరు దాని మీద ఆరినా మరకే పడుతుంది. దుమ్ము పట్టిన కారుకు కవరు తొడిగితే గాలికి అది అటూ ఇటూ కదిలి గీతలే పెడుతుంది. వీటన్నిటికంటే మేలైనది రేకుల నీడ. చెట్టు నీడ మంచిదే, కాని పక్షులు, జిగురు కారే కొమ్మలు ఉన్న చోట రోజూ చూసుకోవలసి వస్తుంది.

2024 మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించవలసి వచ్చింది. సాగర్ కాలువ మీద ఆధారపడిన మన పట్టణాలు ఆ స్థితి వచ్చేదాకా ఆగనవసరం లేదు. అపార్టుమెంట్లలో కార్లు కడిగే పనివారు ఒకే బకెట్టు, ఒకే గుడ్డతో వరుసగా అన్ని కార్లనూ తుడవడం వారి తప్పు కాదు, మనం ఇచ్చే జీతానికి, ఇచ్చే సమయానికి అంతకంటే వీలు కాదు. సంక్షేమ సంఘాలు ఏసీ గొట్టాలను ఒక డ్రమ్ములోకి కలిపించి, ఆ పనివారికి రెండేసి బకెట్లు, చాలినన్ని మైక్రోఫైబర్ గుడ్డలు సమకూర్చి, ప్రతి కారుకూ రోజూ పొడి గుడ్డ వేయించే బదులు వారానికి ఒకసారి తెల్లవారుజామున సరిగా కడిగించే ఏర్పాటు చేసి, జీతం మాత్రం తగ్గించకుండా ఇవ్వాలని, ఈ వేసవిలోనే మొదలుపెట్టాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా.