అన్నం మానెయ్యలేదమ్మా

అమ్మకి,

నేను అన్నం మానేశానని, ఎముకల గూడులా అయిపోయానని నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకున్నావట, తమ్ముడు చెప్పాడు. ఫోన్‌లో చెబితే సగంలోనే "సర్లే, కూరేం వండుకున్నావ్" అంటావు. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువు.

ఇక్కడికి, ఈ జర్మనీకి, వచ్చిన మొదటి ఏడాది 6 కిలోలు పెరిగాను. నువ్వేమో వీడియోలో చూసి "ఒళ్ళు చేశావు, బాగున్నావు" అని మురిసిపోయావు. రోజంతా కుర్చీలోనే, చలికి బయటికి కదలను, మూడు పూటలా అన్నం. నాన్నకీ తాతయ్యకీ షుగర్. భయమేసి అన్నీ సగం సగం తినడం మొదలుపెట్టా. సాయంత్రం నాలుగయ్యేసరికి కడుపులో ఎలుకలు పరిగెత్తేవి, ఆఫీసులో బిస్కెట్లన్నీ నేనే ఖాళీ చేసేదాన్ని. ఊరికే తగ్గిస్తే లాభం లేదు, కడుపులో నిలిచేది తినాలి. అంటే ప్రొటీన్.

ఇక్కడ ప్రతి ప్యాకెట్ వెనకా 100 గ్రాములకి ఎంతో రాసి ఉంటుంది. జర్మన్‌లో ప్రొటీన్‌ని 'ఐవైస్' అంటారు, గుడ్డు తెల్లసొనకీ అదే మాట. ఆ సంగతి తెలియక ఒక శనివారం ఎర్రపప్పు ప్యాకెట్ మీద ఐవైస్ అని చూసి, పప్పులో కూడా గుడ్డు కలుపుతారా ఈ మహానుభావులు అనుకుని మళ్ళీ అరలో పెట్టేశా. తీరా చూస్తే పాల ప్యాకెట్ మీదా ఐవైసే! అప్పుడు వెలిగింది. నవ్వకు.

మాగర్‌క్వార్క్ అని ఒకటి దొరుకుతుంది. వెన్న తీసిన పాలు తోడేసి నీళ్ళు వాడ్చేస్తారు, గుడ్డలో కట్టి వేలాడదీసిన పెరుగులా ఉంటుంది. 250 గ్రాముల డబ్బాలో 30 గ్రాముల ప్రొటీన్, 170 కేలరీలు. అన్ని కేలరీలకీ అన్నమైతే ఒక పెద్ద గరిటెడు వస్తుంది, అందులో ప్రొటీన్ 3, 4 గ్రాములే. మొదటిరోజు పెరుగే కదా అని అన్నంలో కలిపితే ముద్ద సున్నంలా గొంతుకి అతుక్కుంది. ఇంకోసారి మజ్జిగపులుసు చేద్దామని మరిగిస్తే విరిగి గింజలు గింజలైంది. ఇప్పుడు కాసిని నీళ్ళు పోసి గిలక్కొట్టి, కీరా ముక్కలు, అల్లం, పచ్చిమిర్చి వేసి, చెంచాడు నూనెతో ఆవాలు, ఇంగువ, కరివేపాకు తాలింపు పెడతా. అచ్చం నీ పెరుగుపచ్చడే అనను కానీ, కంచం మాత్రం ఖాళీ అవుతుంది.

పల్లీపొడి బలం అంటావు. బలమే, 100 గ్రాముల్లో 25 గ్రాముల ప్రొటీన్ ఉంది. కానీ 570 కేలరీలు కూడా ఉన్నాయి, అందులో ఎక్కువభాగం నూనెదే. మీల్‌మేకర్ అయితే 50 గ్రాములకే 26 గ్రాములు, కేలరీలు 170. నీకు దాని వాసన పడదని తెలుసు, బలవంతం చెయ్యను.

మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలన్నారు. నా 62 కిలోలకి 51 గ్రాములు. అదేం కొండ కాదు. మన కంచంలోనే ఉంది, కాకపోతే కొలత తిరగబడింది: కుప్పెడు అన్నం, దాన్ని తడపడానికి పప్పు. నేను పప్పు గట్టిగా రెండు గరిటెలు వేసుకుని అన్నం ఒక్క గరిటెడు కలుపుతున్నా. అన్నం అసలు లేకపోయినా బాగుండదు, పప్పు ప్రొటీన్‌లో తక్కువైంది అన్నంలో ఉంటుంది, అన్నంలో తక్కువైంది పప్పులో. కాబట్టి మానేశానని ఎవరన్నా నమ్మకు. నాన్నకీ ఇలాగే పెట్టు, కానీ ప్రొటీన్ పెంచేముందు కిడ్నీల సంగతి డాక్టర్ని అడుగు.

నెయ్యి పంపకు. పాలతో చేసినవేవీ మన దేశం నుంచి ఇక్కడికి సామాన్లలో తేనివ్వరు. దానికి బదులు ఉలవలు కిలో పంపు. తాతయ్య కుండలో ఉలవలు ఉడకబెట్టి గింజలు ఎడ్లకి పెట్టి, నీళ్ళతో మనకి చారు కాయించేవాడు గుర్తుందా? ఇన్నేళ్ళూ బలమంతా ఎడ్లకే పోయింది. ఈసారి గుగ్గిళ్ళు నేను తింటా.

నీ
పెద్దపాప